మా ఊరి సగటు తేల్చిన మావ

మావ పోయాడని తమ్ముడు ఫోను చేసి చెప్పాడు. నేను పలాసలో బడికి బయల్దేరుతున్నాను. "టెక్కలి మావ పోనాడంట. తెల్లారగట్ల గుండె పట్టేసిందంట" అన్నాడు. ఆ వెంటనే, అదే గొంతుతో, ఈ వారం తోటలో కాయ దింపిస్తున్నామని కూడా చెప్పాడు. పాపం అనలేదు. మా ఇంట్లో ఆయన చావు కబురు అలాగే వస్తుందని నాకు ముందే తెలుసు.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆ కట్టుబాటుకి లోబడితే మావ గురించి నేను రాయగలిగింది నాలుగు వాక్యాలు. ఆయన అబద్ధం ఆడలేదు. ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. పాఠం ఎగ్గొట్టలేదు. అత్తను ఏనాడూ కొట్టలేదు. మిగిలినదంతా ఆయనతో మా ఊరికి, ఆయనతో మా నాన్నకు, ఆయనతో నాకు ఉన్న వైరమే. అయినా రాస్తున్నాను. ఆ వైరం లేకపోతే నేను ఇవాళ లెక్కల టీచర్ని అయ్యేదాన్ని కాదు, మా నాన్న ఇంకా మంచమ్మీద కూర్చుని నా మీద కేకలేస్తూ ఉండేవాడూ కాదు.

మాది ఉద్దానంలో, కవిటి పక్కన ఊరు. కొబ్బరి తోటల మధ్యలో ఇళ్ళు, ఇళ్ళ మధ్యలో మళ్ళీ కొబ్బరిచెట్లు. మా వీధిని తోటల వీధి అంటారు. మావ భార్య మా నాన్నకు చిన్నాన్న కూతురు, మా వీధి పిల్లే. ఆ లెక్కన ఆయన నాకు మావ, మా నాన్నకు బావ, ఊరికి అల్లుడు. నేను డిగ్రీ చదివిన టెక్కలి కాలేజీలో స్టాటిస్టిక్స్ లెక్చరరు కూడా ఆయనే. మొదటి రోజు క్లాసులో నోరు జారి 'మావా' అన్నాను. "మావ ఇంటికాడ ఉన్నాడు. ఇక్కడున్నోడిని సార్ అను" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఊరికి ఆయన మీద కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. అత్తారింటికి వచ్చినప్పుడు టెక్కలి నుంచి ప్లాస్టిక్ డబ్బాతో తన నీళ్ళు తానే తెచ్చుకునేవాడు. అల్లుడు అత్తారింటి నీళ్ళు ముట్టకపోతే అంతకంటే అవమానం ఏముంటుంది. మా నాయనమ్మ ఒకసారి ఎదురుగానే అడిగింది.

"మా నూతినీల్లు ఇసమేటి నాయినా?"

"తెల్దు. తెలిసేదాకా తాగను."

"మాము ముత్తాతల నుంచీ తాగతన్నాం కదేటి."

"అందుకే అడగతన్నాను. మీలో కాళ్ళు వాచి పోయినోళ్ళు ఎంతమంది?"

ఆయన నోట ఎప్పుడూ ఉండే మాట అదే. ఎంతమంది. పెళ్ళి భోజనం అందరూ మెచ్చుకున్నారంటే, నువ్వు అడిగింది ఎంతమందిని అనేవాడు. ఈ ఏడు వానలు లేవని ఊరంతా అంటోందంటే, ఊరంతా అంటే ఎంతమంది అనేవాడు. పలకరింపుగా అన్న మాటను కూడా పట్టుకుని నిలదీసేవాడు. ఆయన వస్తున్నాడంటే అరుగు మీద కూర్చున్నవాళ్ళు లేచి లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు. అత్త ఆయన వెనకాల రెండు అడుగులు దూరంగా, తనకు సంబంధం లేనట్టు నడిచేది.

క్లాసులోనూ అంతే. పేరు పెట్టి పిలవడు. వేలు చూపిస్తాడు. ఒకరోజు ఆ వేలు నా వైపు తిరిగింది. బోర్డు మీద లెక్క రాసి ఉంది. ఒక సెక్షన్‌లో అరవై మంది విద్యార్థులు, వాళ్ళ మార్కుల సగటు నలభై. రెండో సెక్షన్‌లో ఇరవై మంది, వాళ్ళ సగటు ఎనభై. రెండు సెక్షన్లూ కలిపితే సగటు ఎంత. పుస్తకంలో దీన్ని సంయుక్త అంకమధ్యమం అంటారు. ఆయన ఉమ్మడి సగటు అనేవాడు.

నేను నలభై, ఎనభై కలిపి రెండుతో భాగించాను. అరవై అని రాశాను.

"ఈ అమ్మాయికి అరవై మందీ ఇరవై మందీ ఒకటే" అన్నాడు క్లాసుతో. "ఇరవై మంది ఉన్న గదికి ఎంత విలువిచ్చిందో అరవై మంది ఉన్న గదికీ అంతే ఇచ్చింది. అంటే నలభై మందిని బయట నిలబెట్టి తలుపేసేసింది."

సుద్దముక్క అక్కడ పెట్టి వెళ్ళబోతే ఆగమన్నాడు.

"ఒక్కో సగటునీ దాని మందితో గుణించు."

అరవై నలభైలు రెండు వేల నాలుగు వందలు. ఇరవై ఎనభైలు పదహారు వందలు.

"ఇప్పుడు మొత్తాలు కలుపు. మొత్తం మందితో భాగించు."

నాలుగు వేలను ఎనభైతో భాగిస్తే యాభై వచ్చింది. అరవై కాదు. ఎక్కువ మంది ఉన్న సెక్షన్ సగటును తన వైపు లాక్కుంది.

"సగటు పక్కన మంది లేకపోతే అది సగటు కాదు, పుకారు. కూర్చో" అన్నాడు.

ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ ఆయన్ని మనసులో తిట్టని తిట్టు లేదు. లెక్క మాత్రం మళ్ళీ తప్పలేదు.

నేను ఆఖరి సంవత్సరంలో ఉండగా మా ఊరికి డాక్టర్ల బృందం ఒకటి వచ్చింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. మా వైపు మగాళ్ళు, నలభై దాటీ దాటకుండానే, కాళ్ళు వాచి, అన్నం సయించక, వాంతులతో రైళ్ళలో విశాఖపట్నం పోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చి ఇంట్లో చనిపోతున్నారు. కిడ్నీ అనే మాట ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. నీరసం అనేవాళ్ళు. పైత్యం అనేవాళ్ళు. బృందం ఊరి మూడు వీధుల్లోనూ కొంతమందికి రక్తం తీసి పట్టుకెళ్ళింది. రక్తంలో క్రియాటినిన్ అనేది ఎంతుందో చూస్తారట, మూత్రపిండాలు పాడైతే అది పెరుగుతుందట. కొన్ని వారాల తర్వాత ఫలితం చెప్పడానికి బడి ఆవరణలో మీటింగు పెట్టారు.

అత్త పుట్టింటికి వచ్చి ఉండడంతో మావ కూడా ఆ మీటింగులో ఉన్నాడు. వరండా స్తంభానికి ఆనుకుని, డబ్బా కాళ్ళ దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు.

పెద్ద డాక్టరు మంచి మనిషే. మా భయం ఆయనకు తెలుసు. రోడ్డు వీధి సగటు ఇంత, బడి వీధి సగటు ఇంత, తోటల వీధి సగటు ఇంత అని చదివాడు. మొదటి రెండూ మామూలుగానే ఉన్నాయి. మూడోది చాలా ఎక్కువ. "మూడూ కలిపి మూడుతో భాగిస్తే మీ ఊరి సగటు ఉండాల్సిన హద్దుకి కాస్త పైన ఉంది, అంతే. మీరు పెద్దగా భయపడక్కర్లేదు" అన్నాడు. జనం ఊపిరి పీల్చుకున్నారు. మా నాన్న పక్కాయన భుజం తట్టడం నేను చూశాను.

"ఎంతమంది?" అని వినిపించింది వరండాలోంచి.

డాక్టరు తలెత్తాడు. "ఏమిటండీ?"

"ఒక్కో వీధిలో ఎంతమందికి తీశారు?"

బృందంలో ఒక కుర్ర డాక్టరు కాగితాలు తిప్పి చదివాడు. రోడ్డు వీధంటే దుకాణాలు, బడి వీధంటే ఉద్యోగస్తుల ఇళ్ళు నాలుగు. అక్కడ తీసింది గుప్పెడు మందికి. మిగతా అందరూ తోటల వీధివాళ్ళే.

మావ స్తంభం వదిలి, బడి గోడకున్న నల్లబోర్డు దగ్గరికి వెళ్ళి, జేబులోంచి సుద్దముక్క తీశాడు. ఆయన జేబులో ఎప్పుడూ సుద్ద ఉండేది, చొక్కా అక్కడ తెల్లగా ఉండేది. ఆయన ఏం చెయ్యబోతున్నాడో ఆ జనంలో నాకొక్కదానికే తెలుసు.

"మాస్టారూ, ఇది ప్రాథమిక పరీక్ష మాత్రమే" అన్నాడు డాక్టరు.

"ప్రాథమిక పాఠశాలలోనే కూడిక నేర్పుతారు డాక్టరుగారూ."

ఊరి పెద్ద కుర్చీలోంచి లేచాడు. తోటలూ, పంచాయితీ పదవీ, అన్నీ ఉన్నవాడు. "అల్లుడూ, కూకో. ఇది నీ కాలేజీ కాదు" అన్నాడు. మావ వినిపించుకోలేదు. మూడు సగటుల పక్కన ఏ వీధిలో ఎంతమందో రాశాడు. గుణించాడు. కలిపాడు. భాగించాడు. కింద వచ్చిన అంకె చుట్టూ గీత గీశాడు. అది తోటల వీధి సగటుకి ఇంచుమించు దగ్గర్లోనే ఉంది.

"మీ ఊరి సగటు హద్దుకి కాస్త పైన కాదు. చాలా పైన. ఆ రెండు వీధుల్లో దుకాణాలున్నాయి. మనుషులు ఈ వీధిలో ఉన్నారు" అన్నాడు.

పెద్ద డాక్టరు బోర్డు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత కుర్ర డాక్టరుతో మెల్లగా, "రాసుకో. మళ్ళీ రావాలి. ఈసారి ఆ వీధిలో ఇంటింటికీ" అన్నాడు.

"ఏటి రాసుకునేది?" అన్నాడు ఊరి పెద్ద. "మా ఊరోళ్ళందరికీ రోగమని రాసుకుంటారా? రేపు మా కాయ కొనేవోడుంటాడా? మా ఆడగుంటల్ని సేసుకునేవోడుంటాడా? ఏం అల్లుడూ, ఊరి పరువు తీసి నీకు ఒరిగిందేటి?"

"నాను తీసిందేటి మావా. ఆయన సదివిందే మళ్ళీ కలిపాను" అన్నాడు మావ.

వెనక నుంచి ఎవరో కొబ్బరి డొక్క విసిరారు. అది బోర్డుకి తగిలి కింద పడింది. మావ సుద్ద జేబులో వేసుకుని, డబ్బా తీసుకుని బయటికి నడిచాడు. జనం దారి ఇచ్చారు, కానీ గౌరవంతో కాదు.

అప్పటికి నాకు పెళ్ళి కుదిరింది. నిమ్మాడ దగ్గర్లోని ఒక ఊరివాళ్ళు. ముహూర్తం పెట్టుకోవడమే తరువాయి. ఆ అబ్బాయిని ఒక్కసారే చూశాను. నచ్చాడు. నచ్చాడని ఎవరికీ చెప్పలేదు, చెప్పేంత సమయం దొరకలేదు కూడా. మీటింగయ్యాక వారం తిరక్కుండా అబ్బాయి మేనమామ బండి మీద వచ్చాడు. కాఫీ వద్దన్నాడు. నేను వెనక గదిలోంచి విన్నాను.

"పిల్లకి వంక పెట్టడానికి లేదు బావా" అన్నాడు మా నాన్నతో. "మీ వీధి సంగతే టెక్కలంతా అనుకుంటన్నారు. రేపు పిల్లకే వత్తే? పుట్టబోయినోళ్ళకి వత్తే? మా అప్ప, పిల్లడి తల్లి, ఏడుత్తంది."

మా నాన్న ఆయన్ని బండి దాకా సాగనంపాడు. సాయంత్రం మా అమ్మతో, "ఇంక పిల్ల ఆ కాలేజీకి ఎల్లదు. ఆడి మొకం సూడొద్దు" అన్నాడు.

మా వీధిలో నాదొక్కటే కాదు, ఇంకా కొన్ని సంబంధాలు ఆగిపోయాయి. ఊళ్ళో ఒక మాట అనుకున్నారు. డాక్టర్లు మళ్ళీ వస్తే ఎవరూ తలుపు తియ్యకూడదు, రక్తం ఇవ్వకూడదు. అల్లుడు ఊళ్ళో అడుగు పెట్టకూడదు. అత్త టెక్కలి వెళ్ళిపోయే ముందు మా ఇంటికొచ్చి మా అమ్మ దగ్గర కూర్చుంది. "ఆయన లెక్క నాకు పుట్టిల్లు నేకుండా సేసింది వొదినా" అంది. ఏడవలేదు. ఆ మాట మావతో కూడా అలాగే అన్నదట.

డాక్టర్లు మళ్ళీ వచ్చారు. ముందు నడుస్తున్నది మావే. ఒక చేత్తో తన నీళ్ళ డబ్బా, పక్కన నర్సు, వెనక కుర్ర డాక్టరు. వీధి మొదట్లోంచి ఒక్కొక్క తలుపూ మూసుకుంటున్న చప్పుడు నాకు వంటింట్లోకి వినిపించింది. మా నాన్న తలుపు మూయలేదు. గుమ్మంలో నిలబడ్డాడు.

"పెల్లి సెడగొట్టినోడివి. మల్లీ ఏటి కోసం వచ్చినావు?"

"నీ రక్తం కోసం బావా."

ఆ మాటకు నర్సు కూడా అదిరిపడింది. మావ గొంతులో వెటకారం లేదు. ఆయనకు వెటకారం చేతకాదు.

"నీ పాదం సూసుకున్నావా? సెప్పు పట్టీ దిగబడి గుంటైపోయింది. రెండు నెల్ల క్రితం అలగ లేదు" అన్నాడు.

నేను మా నాన్న పాదం వైపు చూశాను. నిజమే. రోజూ చూస్తున్న పాదమే. మా నాన్న కూడా కిందికి చూసుకున్నాడు, చూసుకున్నందుకు ఆయనకు కోపం రెట్టింపైంది. రెండు మెట్లు దిగి మావ చేతిలోంచి డబ్బా లాక్కుని, మూత తీసి, నీళ్ళన్నీ ఇసకలో కుమ్మరించేశాడు.

"మా నీల్లు ఇసమన్నావు. మా రక్తం మటుకు కావాలా నీకు? మా నూతినీల్లు తాగు. అప్పుడిత్తాను."

వీధిలో మూసుకున్న తలుపులు కొన్ని సందుగా తెరుచుకున్నాయి. మావ నా వైపు తిరిగాడు. "పట్రా" అన్నాడు.

నూతిలోంచి చేద తోడి గ్లాసుతో తెచ్చాను. ఆయన గ్లాసును ఎత్తి వెలుతురుకి ఒకసారి చూశాడు. అలవాటు. తర్వాత గటగటా తాగేసి గ్లాసు అరుగు మీద పెట్టాడు.

"సెయ్యి సాపు బావా."

మా నాన్న మాటిచ్చాడు కనక చాపాడు. సూది గుచ్చుతున్నంతసేపూ మావ ముఖంలోకే చూస్తూ ఉన్నాడు. అంత ద్వేషంతో ఒక మనిషి ఇంకో మనిషిని చూడడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. నాకూ తీశారు, అమ్మకూ తీశారు.

పక్కింటి ముసలమ్మ ఇదంతా చూసింది. మావ ఆమె గుమ్మం ముందుకు వెళ్ళేసరికి తనే గ్లాసు పట్టుకుని నిలబడింది. "ముందు మావి తాగు" అంది. ఆ తర్వాతి ఇంటావిడ కూడా అంతే. ఆ వీధిలో ఎవరూ ఆయన్ని క్షమించలేదు. ఎవరూ ఆ గ్లాసు ఆదరంగా ఇవ్వలేదు. తాగించి అవమానించాలని ఇచ్చారు. ఆయన ఇచ్చినవన్నీ తాగాడు. తాగిన ప్రతి ఇంటా చేతులు చాపించాడు. కొన్ని ఇళ్ళు మాత్రం తలుపు తియ్యనే లేదు. వీధి చివర ఆయన కడుపు పట్టుకుని గట్టు మీద కూలబడితే నేను తమ్ముడితో మజ్జిగ పంపించబోయాను. నాన్న వద్దన్నాడు.

తిరిగి వెళ్ళిపోతూ మావ మా ఇంటి ముందు ఆగాడు. వీధంతా వింటోంది. "పరీక్షలు దగ్గరకొచ్చాయి. పిల్లని పంపు. పెళ్ళెలాగూ లేదు, సదువైనా ఉండనీ" అన్నాడు.

నేను గ్లాసు కడుగుతున్నాను. ఆ నీళ్ళు ఆయన ముఖాన కొట్టాలనిపించింది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే అలాగే అనిపిస్తుంది. పెళ్ళి చెడింది నాది. దాన్ని ఊరి ముందు అలా, లెక్కలో కొట్టేసిన అంకెలాగా చెప్పాల్సిన పని ఆయనకి లేదు.

కానీ మా నాన్న ఆ రాత్రి అన్నం తిన్నాక నన్ను పిలిచి, "ఎల్లు. ఆడికాడే సదివి ఆడికంటే పెద్దదానివవ్వు. అప్పుడు ఆడు నీకు దండం పెట్టాల" అన్నాడు. పగతో ఇచ్చిన అనుమతి. నేనూ పగతోనే వెళ్ళాను. ఆఖరి బెంచీలో కూర్చున్నాను, ఆయన ముఖం చూడకుండా ఆయన చెప్పిందంతా రాసుకున్నాను. పరీక్ష రాశాను. ఆయన నాకు ఒక్క మార్కు ఎక్కువ వెయ్యలేదు, తక్కువా వెయ్యలేదు.

రక్తం ఫలితాలు వచ్చాయి. మా వీధిలో ఎంతమందికి ఉందో ఇక్కడ రాయను. మా నాన్నకు ఉంది. మొదట్లోనే దొరికింది, మందులతోనూ పథ్యంతోనూ ఆపుకుంటూ రావచ్చు అన్నారు. పలాస నుంచి రైల్లో విశాఖపట్నం తీసుకెళ్ళేవాళ్ళం. ఉప్పు మానాడు, నొప్పి బిళ్ళలు మానాడు, కోపం మానలేదు. ఆ రోజు తలుపు తియ్యని ఇళ్ళల్లో మా పెదనాన్న ఇల్లు ఒకటి. ఆయనకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ఆయన శవాన్ని ఎత్తుతుంటే పెద్దమ్మ తిట్టింది డాక్టర్లను కాదు, జబ్బును కాదు. మావను. ఆయనొచ్చి పేరు పెట్టకపోతే ఆ జబ్బు రాకపోయేది అన్నట్టు.

తర్వాత చాలా బృందాలు వచ్చాయి, చాలా పరీక్షలు జరిగాయి. అదంతా మా మావ వల్లనే అని నేను చెప్పను. ఆయనే చెప్పనిచ్చేవాడు కాదు. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది కారణం అయిపోదు అనేవాడు. నీళ్ళేనా కారణం అని నేను టీచరు ఉద్యోగంలో చేరాక ఒకసారి అడిగాను. "తెల్దు. ఎవరికీ తెల్దు. తెలుసని ఎవడైనా సెప్తే ఆణ్ణి నమ్మకు" అన్నాడు.

అలా అడిగింది అత్త వాళ్ళమ్మ పోయిన రోజున. అన్నలు కబురు పంపారు, అత్తను రమ్మనీ ఆయన్ని రావద్దనీ. ఆయన ఊరి బయట ఆటోలు ఆగే చోట, సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉన్నాడు. పొద్దున వచ్చినవాడు మధ్యాహ్నం దాటినా ఎండలో అలాగే ఉన్నాడు. నేను పలాస నుంచి వచ్చి అక్కడే దిగాను. పలకరించకుండా పోలేకపోయాను.

"ఊళ్ళోకి రానివ్వలేదా మావా?"

"రావద్దన్నారు. మీ అత్త తిరిగొచ్చేదాకా కూకుంటాను."

ఎన్నేళ్ళగానో మనసులో ఉన్న మాట అప్పుడు వచ్చింది.

"లెక్క తప్పు కాదు మావా. నువ్వు సెప్పిన తీరు తప్పు. డాక్టర్ని పక్కకి పిలిచి సెప్పొచ్చు. బోర్డు మీద రాసి మా అందరి ముందూ గీత గీయక్కర్లేదు."

"పక్కకి పిలిచి సెప్తే పక్కనే ఉండిపోద్ది" అన్నాడు. తర్వాత, "తీరు నాకు రాదు. దాంట్లో నాకు సున్నా" అన్నాడు. అది క్షమాపణ కాదు. ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు. నా సంబంధం గురించి ఆయన ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. సాయంత్రం అత్త తిరిగొచ్చింది. "నీతో ఉన్నన్నాళ్ళు ఈ గుమ్మం తొక్కొద్దన్నారు మా అన్నలు" అని మాత్రం చెప్పి ఆటో ఎక్కింది. ఆయన పక్కన ఎక్కాడు. ఆమె జరగలేదు. ఆయన అంచు మీద కూర్చున్నాడు.

ఆయన దగ్గర నేర్చుకున్నది నాకు మేలే చేసిందని అనలేను. మా బడిలో మీటింగు జరిగి, పిల్లల సగటు బాగా పెరిగిందని ఎవరైనా అంటే, ఏ సెక్షన్లో ఎంతమంది అని అడుగుతాను. నన్ను చూస్తే తోటి టీచర్లు మాట మార్చేస్తారు. నాకూ ఆయన జబ్బు అంటుకుంది. ఉమ్మడి సగటు పాఠం వచ్చినప్పుడు మాత్రం పిల్లల్ని బోర్డు దగ్గర నిలబెట్టి నలుగురిలో చిన్నబుచ్చను. తప్పు చేస్తే పక్కన నిలబడి, మళ్ళీ చేద్దాం రా అంటాను. అది ఆయన దగ్గర నేర్చుకోలేదు. ఆయన వల్ల నేర్చుకున్నాను.

చావు కబురు వినగానే నేను ముందు ఊరికి ఫోను చేసి నాన్నను అడిగాను, బండి పంపనా, వస్తావా అని.

"రాను."

"ఆయన ఆ రోజు నీ పాదం సూడకపోతే నువ్వు..."

"తెలుసు" అన్నాడు. "ఆడు సెప్పింది నిజమే. అందుకే రాను."

ఆ కోపం నాకు అర్థమైంది. మనని బతికించిన మనిషి మనని మెత్తగా చూసి ఉండాల్సింది అనే కోపం అది.

టెక్కలిలో అద్దె ఇంటి ముందు జనం ఎక్కువ లేరు. కాలేజీ నుంచి కొందరు, పాత విద్యార్థులు కొందరు. వాళ్ళల్లో ఇద్దరు వెక్కివెక్కి ఏడవడం చూసి ఆశ్చర్యపోయాను. మా ఊరి నుంచి ఎవరూ లేరు. దహనం నుంచి తిరిగొచ్చినవాళ్ళలో ఎవరో, "ఉద్దానం నీల్లు తాగాడు కదా ఒకప్పుడు, అదే పేనం తీసింది" అన్నారు. గుండె అని డాక్టరు రాసిచ్చాడని అత్త చెప్పింది. చెప్పి, తల దించుకుని, ఆయన చొక్కాలు మడత పెట్టింది. అన్నిటికీ ఆ జేబు దగ్గర తెల్లటి మరకే. ఎంత ఉతికినా పోలేదంది.

కార్యక్రమాలన్నీ అయ్యాక ఆడపిల్లను పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళాలి. ఆ రోజు మధ్యాహ్నం దాకా చూశాం. అన్నలు రాలేదు. మనిషిని పంపలేదు. అత్త గడప మీద చిన్న సంచితో కూర్చుని ఉంది. నేను అడిగాను, పలాసలో నాతో ఉంటావా అని. తల అడ్డంగా ఊపింది.

"మా ఊరికే తీసుకెల్లు" అంది. "ఇప్పుడైనా నన్ను తోసేత్తారో లేదో సూత్తాను."

బస్సులోనూ, ఆ తర్వాత ఆటోలోనూ అత్త సంచి ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. ఆటో దిగి తోటల వీధి మొదట్లోకి వచ్చేసరికి ఎండ వంగుతోంది. మమ్మల్ని చూసి ఒకరిద్దరు లోపలికి వెళ్ళిపోయారు. ఎవరూ రమ్మనలేదు. ఎవరూ ఆపలేదు. వీధికి అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివరకు, గోనెపట్టాలు పరిచి జీడిపిక్కలు ఎండబోసి ఉన్నాయి. కాలు పెట్టడానికి చోటు లేదు. అత్త పట్టా అంచు దగ్గర ఆగిపోయింది. సంచి రెండు చేతులతోనూ పట్టుకుని అలాగే నిలబడింది.

పిక్కల్ని చేత్తో తిరగేస్తున్న ఒకావిడ తల ఎత్తలేదు. పలకరించలేదు. కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాపి, గోనెపట్టా కొసను పట్టుకుని, ఒక మనిషి నడిచేంత మేర వెనక్కి మడిచింది.